కేంద్రకాల తూకం నేర్చుకుంటున్న యంత్రం

ఒకటికి మించి కణాలున్న ఏ పరమాణు కేంద్రకాన్ని తూచినా, అందులోని ప్రోటాన్లనూ న్యూట్రాన్లనూ విడివిడిగా తూచి కూడితే వచ్చే మొత్తం కంటే ఆ తూకం కొంత తక్కువగానే ఉంటుంది. కణాలన్నీ దగ్గరకు చేరి కేంద్రకంగా ఏర్పడేటప్పుడు ఆ లోటు మేరకు ద్రవ్యరాశి శక్తిగా మారి వెలుపలికి పోతుంది. కేంద్రకాన్ని తిరిగి విడగొట్టాలంటే సరిగ్గా అంత శక్తినీ మళ్లీ అందించవలసి ఉంటుంది కనుక దాన్ని బంధన శక్తి అంటారు. నాలుగు హైడ్రోజన్ పరమాణువుల కంటే ఒక హీలియం పరమాణువు తేలికని బ్రిటిష్ శాస్త్రవేత్త ఫ్రాన్సిస్ ఆస్టన్ కొలిచి చూపగా, సూర్యుడు అంతకాలంగా వెలుగుతూ ఉండడానికి కారణం ఈ లోటులోనే ఉండవచ్చని 1920లో ఆర్థర్ ఎడింగ్టన్ సూచించారు. అప్పటి నుంచీ కేంద్రక భౌతికశాస్త్రానికి మొదటి ప్రశ్న ఇదే: ఇన్ని ప్రోటాన్లు, ఇన్ని న్యూట్రాన్లు కలిసిన కేంద్రకం బరువు ఎంత? అడగడానికి సులువైన ఈ ప్రశ్నకు సిద్ధాంతం ఇచ్చే జవాబు నేటికీ పూర్తి కచ్చితమైనది కాకపోవడం వల్లనే, కొలిచిన విలువల నుంచి తనంతట తానుగా క్రమాన్ని పట్టుకునే మెషిన్ లెర్నింగ్ పద్ధతి ఈ రంగంలో అంత ప్రాధాన్యం సంపాదించుకుంది.

కేంద్రకాలను ఒక పటంగా గీయడం శాస్త్రవేత్తల ఆనవాయితీ. అడ్డంగా న్యూట్రాన్ల సంఖ్య, నిలువుగా ప్రోటాన్ల సంఖ్య వేస్తే ప్రతి కేంద్రకానికీ ఒక గడి దక్కుతుంది. క్షయం కాకుండా నిలిచి ఉండే కేంద్రకాలు ఆ పటంలో దాదాపు 250 మాత్రమే. అవి ఏటవాలుగా సాగే ఒక సన్నని గీతగా కనిపిస్తాయి. ప్రయోగశాలల్లో ఇంతవరకు కనిపించినవి, ఎంత అల్పాయుష్షువైనా లెక్కలోకి తీసుకుంటే, 3,000 దాటాయి. వాటిలో ద్రవ్యరాశిని నిజంగా కొలిచినవి సుమారు 2,500. సిద్ధాంతం ప్రకారం ఉండగలిగినవి మాత్రం 7,000కు పైబడే ఉంటాయని అంచనా. పటానికి న్యూట్రాన్లు ఎక్కువగా ఉండే వైపున ఒక అంచు ఉంది; అది దాటాక మరొక న్యూట్రాన్‌ను చేర్చినా కేంద్రకం దాన్ని పట్టి ఉంచలేదు. తేలికైన మూలకాలను మినహాయిస్తే ఆ అంచు ఎక్కడుందో ప్రయోగం ఇంకా చూపలేదు. నియాన్ వరకు, అంటే 10 ప్రోటాన్ల వరకు మాత్రమే అది నిర్ధారణ అయింది.

ఎవరూ చూడని ఆ గడుల గురించి ఇంత ఆరాటం ఎందుకంటే, విశ్వంలోని బంగారం, ప్లాటినం, యురేనియం పుట్టిన దారి వాటి మీదుగానే పోతుంది. న్యూట్రాన్లు విపరీతంగా ఉన్న చోట ఒక కేంద్రకం సెకను కూడా గడవకముందే న్యూట్రాన్ల మీద న్యూట్రాన్లను మింగుతూ పటంలో కుడి అంచు వైపు దూసుకుపోయి, ఆ తరువాత బీటా క్షయాల ద్వారా నిలకడ గల మూలకాలుగా మారుతుందని, దీన్ని శీఘ్ర న్యూట్రాన్ గ్రహణ ప్రక్రియ అంటారని పాఠ్యపుస్తకాలు చెబుతాయి. 2017 ఆగస్టు 17న రెండు న్యూట్రాన్ నక్షత్రాలు ఢీకొన్న సంఘటన గురుత్వ తరంగాలుగానూ, ఆ వెంటనే కాంతిగానూ భూమికి చేరినప్పుడు, అటువంటి చోట భారమూలకాలు తయారవుతున్నాయనడానికి బలమైన సాక్ష్యం దొరికింది. అయితే ఏ మూలకం ఎంత తయారవుతుందో లెక్కించాలంటే దారిలోని ప్రతి కేంద్రకం నుంచి ఒక న్యూట్రాన్‌ను ఊడదీయడానికి ఎంత శక్తి కావాలో తెలియాలి, ఆ శక్తి రెండు పొరుగు కేంద్రకాల ద్రవ్యరాశుల తేడా నుంచి వస్తుంది.

ఇక్కడ చిన్న పొరపాటు ఎంత పెద్దదవుతుందో ఒక లెక్క చూపిస్తుంది. కేంద్రక శక్తులను మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టులలో, క్లుప్తంగా ఎంఈవీలలో కొలుస్తారు. ఆ ప్రక్రియ జరిగే చోట ఉష్ణోగ్రత 100 కోట్ల డిగ్రీలనుకుంటే, వేడి వల్ల కణాలకుండే సగటు శక్తి ప్రమాణం సుమారు 0.086 ఎంఈవీ. ఒక కేంద్రకం, దాని పొరుగు కేంద్రకం ఏ నిష్పత్తిలో ఉంటాయన్నది న్యూట్రాన్‌ను ఊడదీసే శక్తికీ ఈ వేడి శక్తికీ ఉన్న భాగఫలం మీద ఘాతాంక రూపంలో ఆధారపడుతుంది కాబట్టి, న్యూట్రాన్‌ను ఊడదీసే శక్తిని అర ఎంఈవీ తప్పుగా అంచనా వేస్తే ఆ నిష్పత్తి 300 రెట్లకు పైగా తప్పిపోతుంది. అందుకే ద్రవ్యరాశిలో లోపం 0.1 ఎంఈవీకి మించకూడదని ఖగోళ భౌతిక శాస్త్రవేత్తలు కోరుకుంటారు. మొత్తం బంధన శక్తి వెయ్యి ఎంఈవీలు దాటిన భార కేంద్రకం విషయంలో ఇది పదివేలలో ఒక వంతు కంటే సూక్ష్మమైన కోరిక.

సిద్ధాంతం దీనికి ఎంత దూరంలో ఉందో తెలుసుకోవాలంటే 1935కు వెళ్లాలి. జర్మన్ శాస్త్రవేత్త కార్ల్ ఫ్రీడ్రిష్ ఫాన్ వైట్సెకర్ ఆ ఏడు కేంద్రకాన్ని ద్రవ బిందువుగా భావించి ఒక సూత్రం రాశారు. ప్రతి కణమూ తన చుట్టూ ఉన్న కొద్ది కణాలతోనే బంధం పెట్టుకుంటుంది కనుక కణాల సంఖ్యకు అనుగుణంగా బంధన శక్తి పెరగాలి. ఉపరితలం మీది కణాలకు ఒకవైపు పొరుగు లేదు కనుక కొంత తగ్గాలి. ప్రోటాన్లు ఒకదాన్నొకటి వికర్షిస్తాయి కనుక మరికొంత తగ్గాలి. ప్రోటాన్లకూ న్యూట్రాన్లకూ సంఖ్యలో తేడా పెరిగితే ఇంకొంత పోవాలి. కణాలు జతలుగా ఉంటే స్వల్పంగా లాభించాలి. ఈ సూత్రంలో 82 ప్రోటాన్లు, 126 న్యూట్రాన్లు ఉన్న సీసం-208ని ఉంచి, సాధారణంగా వాడే గుణకాలతో లెక్కిస్తే మొదటి పదం 3,276 ఎంఈవీలు ఇస్తుంది. ఉపరితలం 625, విద్యుత్ వికర్షణ 807, సంఖ్యల తేడా 221 తీసివేస్తాయి. జత లాభం ఒకటి కంటే తక్కువ. మిగిలేది సుమారు 1,624. ప్రయోగంలో కొలిచిన విలువ 1,636. కేవలం ఐదు పదాలతో ఒక శాతం లోపు తేడాతో జవాబు రాబట్టడం భౌతికశాస్త్రంలోని సొగసైన విజయాలలో ఒకటి; అయినా మిగిలిన 12 ఎంఈవీలు పైన చెప్పిన అవసరానికి నూరు రెట్లకు మించిన లోపం.

ఆ 12 ఎంఈవీలు ఊరికే వచ్చినవి కావు. పరమాణువులో ఎలక్ట్రాన్లకు ఉన్నట్లే కేంద్రకంలోని కణాలకూ కర్పరాలున్నాయి. కణాల సంఖ్య 2, 8, 20, 28, 50, 82 అయినప్పుడు, న్యూట్రాన్లకైతే 126 అయినప్పుడు కూడా, కర్పరం నిండి కేంద్రకం అదనపు దృఢత్వం పొందుతుంది. మ్యాజిక్ సంఖ్యలుగా పేరుపడిన వీటికి 1949లో మరియా గోపర్ట్ మేయర్, హాన్స్ యెన్సెన్ విడివిడిగా కారణం చెప్పి 1963లో నోబెల్ బహుమతి పొందారు. సీసం-208లో రెండు సంఖ్యలూ మ్యాజిక్ సంఖ్యలే కనుక ద్రవబిందు సూత్రం దాని బలాన్ని తక్కువగా అంచనా వేసింది. ఆ తరువాతి దశాబ్దాలలో కర్పరాల ప్రభావాన్నీ, కేంద్రకాలు గుండ్రదనం కోల్పోయి సాగడాన్నీ కలుపుకొన్న నమూనాలు వచ్చి, సగటు లోపాన్ని సుమారు అర ఎంఈవీకి, కొన్ని అంతకన్నా తక్కువకు దించాయి. అక్కడే అవి చాలాకాలం ఆగిపోయాయి. కణాల మధ్య బలం సరళమైనది కాకపోవడం, వందల కణాల క్వాంటమ్ సమీకరణాన్ని నేరుగా సాధించడం నేటి కంప్యూటర్లకు కూడా దుస్సాధ్యం కావడం అందుకు కారణాలు.

ఈ పనికి న్యూరల్ నెట్‌వర్క్‌ను వాడవచ్చునన్న ఆలోచన కొత్తదేమీ కాదు. అమెరికాలోని సెయింట్ లూయీస్‌కు చెందిన జాన్ క్లార్క్, ఆయన సహచరులు 1992 నాటికే కేంద్రకాల స్థిరత్వాన్ని నెట్‌వర్క్‌కు నేర్పే ప్రయత్నాన్ని ప్రచురించారు. నెట్‌వర్క్ అంటే గణితపరంగా ఒక పెద్ద సూత్రం మాత్రమే: ప్రోటాన్ల సంఖ్య, న్యూట్రాన్ల సంఖ్య ఒక కొస నుంచి లోపలికి వెళతాయి, మధ్యలో ఉన్న పదుల లేదా వందల చిన్న లెక్కల కేంద్రాలు వాటిని తగిన భారాలతో గుణించి, కూడి, వంచి తరువాతి పొరకు అందిస్తాయి, రెండో కొస నుంచి ద్రవ్యరాశి అంచనా బయటికి వస్తుంది. మొదట ఆ భారాలు యాదృచ్ఛికంగా ఉంటాయి కనుక అంచనా అర్థరహితం; కొలిచిన విలువతో దాన్ని పోల్చి, తేడా తగ్గే దిశలో ప్రతి భారాన్నీ రవ్వంత సవరించి, ఇదే పనిని వేలసార్లు చేస్తే క్రమంగా అంచనాలు కొలతలను సమీపిస్తాయి. అయితే భారాల సంఖ్య కొలతల సంఖ్యతో పోటీపడేంత ఉన్నప్పుడు, పాఠం అర్థం కాకుండానే జవాబులు బట్టీపట్టిన విద్యార్థిలాగా నెట్‌వర్క్ తెలిసిన కేంద్రకాలన్నిటికీ సరిగా చెప్పి, తెలియని మొదటి కేంద్రకం దగ్గరే బోల్తాపడుతుంది. చిత్రాలను గుర్తించే యంత్రాలకు కోట్ల ఉదాహరణలు దొరుకుతాయి. కేంద్రక ద్రవ్యరాశికి ప్రపంచమంతా కలిపి దొరికేవి రెండున్నర వేలే.

ఈ ఇబ్బందికి దొరికిన పరిష్కారం, ఈ రంగం మొత్తంలో అత్యంత వివేకవంతమైన ఆలోచన అనదగినది, యంత్రాన్ని మొదటి నుంచి నేర్చుకోమనకపోవడం. ఒక మంచి నమూనా ద్రవ్యరాశిని అర ఎంఈవీ తేడాతో చెబుతున్నప్పుడు, యంత్రం నేర్చుకోవలసింది ఆ నమూనాకూ కొలతకూ మధ్య మిగిలిన శేషాన్ని మాత్రమే. తొంభై ఏళ్ల భౌతికశాస్త్రం మోయవలసిన బరువును అదే మోస్తుంది. అది వదిలిన చిన్న చిన్న అలలలో ఇంకా ఏదైనా క్రమం దాగి ఉంటే యంత్రం పట్టుకుంటుంది. ఫ్లోరిడా స్టేట్ విశ్వవిద్యాలయానికి చెందిన ఉతామా, పీకరేవిచ్, ప్రాస్పర్ 2016లో ఈ మార్గాన్ని న్యూట్రాన్ నక్షత్రాల పైపొరలో ఏ కేంద్రకాలు ఉంటాయన్న ప్రశ్నకు అన్వయించారు. వారు వాడిన బేయీసియన్ నెట్‌వర్క్‌లో మరో విశేషం ఉంది. మామూలు నెట్‌వర్క్ శిక్షణ ముగిసేసరికి ప్రతి భారానికీ ఒకే విలువ స్థిరపడుతుంది. ఇందులో మాత్రం కొలతలతో పొసగే విలువలన్నీ, వేటికి ఎంత అవకాశముందో ఆ మేరకు, నిలిచి ఉంటాయి. అందువల్ల జవాబు ఒక్క సంఖ్యగా రాకుండా, ఇంత నుంచి ఇంత వరకు అన్న ఒక పరిధిగా వస్తుంది. కొలిచిన కేంద్రకాల మధ్యలో ఆ పరిధి ఇరుకుగా ఉండి, పటం అంచుకు వెళ్లేకొద్దీ వెడల్పవుతుంది.

చైనాకు చెందిన నియూ, జపాన్‌లో పనిచేసే లియాంగ్ 2022లో ప్రకటించిన బేయీసియన్ నమూనా, అనేక నమూనాల భౌతికశాస్త్రాన్ని ముందుగా చేర్చుకొని, కొలిచిన ప్రాంతంలో సగటు లోపాన్ని 0.084 ఎంఈవీకి తెచ్చింది. ఖగోళ భౌతికశాస్త్రం కోరిన 0.1 గీతను అది దాటినట్లే. ఈ సంఖ్య గొప్పదే, కానీ దీన్ని చదివే తీరులో జాగ్రత్త అవసరం. కొలిచిన ప్రాంతంలో మనకు యంత్రం అక్కరలేదు, కొలతే ఉంది. అవసరమంతా కొలత లేని చోట, అక్కడ వేర్వేరు నమూనాల మధ్య తేడాలు అనేక ఎంఈవీలకు పెరిగిపోతాయి. కనుక ఇటువంటి పనిని తూచడానికి సరైన ప్రశ్న లోపం ఎంత చిన్నదన్నది కాదు. యంత్రం తానిచ్చిన పరిధిలో నిజంగా ఎన్నిసార్లు నిలబడిందన్నది. పాత పట్టికతో శిక్షణ ఇచ్చి, ఆ తరువాతి సంవత్సరాల్లో కొత్తగా కొలిచిన కేంద్రకాలపై పరీక్షించడం ఇందుకు పరిశోధకులు పాటించే మంచి పద్ధతి. అందులో నెగ్గిన యంత్రం మాటకే విలువ.

ఆ పట్టికల వెనుక ఉన్న శ్రమ ప్రత్యేకంగా చెప్పుకోదగినది. ద్రవ్యరాశుల ప్రపంచ పట్టికను 1950ల నుంచి ఆల్డెర్ట్ వాప్‌స్ట్రా, ఆ తరువాత జార్జ్ ఓడీ, ఇప్పుడు చైనా కేంద్రంగా పనిచేసే బృందం కూర్చుతూ వచ్చారు. తాజా సంచిక 2020 పేరిట 2021లో వెలువడింది. నేటి కచ్చితమైన కొలతలు ఎక్కువగా పెన్నింగ్ బోను అనే పరికరం నుంచి వస్తాయి. విద్యుదావేశం ఉన్న పరమాణువును బలమైన అయస్కాంత క్షేత్రంలో బంధిస్తే అది గుండ్రంగా తిరుగుతుంది. బరువైనది నెమ్మదిగా, తేలికైనది వేగంగా తిరుగుతుంది కనుక సెకనుకు ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కిస్తే ద్రవ్యరాశి తెలుస్తుంది. జెనీవాలోని సెర్న్ ప్రయోగశాలలో ఇటువంటి పరికరంతో 2013లో జింక్-82ని తూచినప్పుడు, న్యూట్రాన్ నక్షత్రపు పైపొరలో ఆ కేంద్రకం ఉంటుందని ఒక ప్రముఖ నమూనా చెప్పిన మాట తప్పని తేలింది. ఒక్క కొలత ఒక నక్షత్ర చిత్రాన్ని మార్చింది. తెలుగునాట కూడా కేంద్రక కొలతల సంప్రదాయం ఒకటి ఉంది. భీమవరం ప్రాంతంలో పుట్టిన స్వామి జ్ఞానానంద చొరవతో 1950లలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఏర్పడిన కేంద్రక భౌతికశాస్త్ర విభాగం బీటా, గామా కిరణాల కొలతలనే ముఖ్య వ్యాసంగంగా ఎంచుకుంది. ప్రపంచమంతటా ఇటువంటి విభాగాల్లో తరాల తరబడి జరిగిన ఓపిక గల పనే ఈనాడు యంత్రాలకు పాఠమవుతోంది.

ద్రవ్యరాశి తరువాత యంత్రానికి ఎక్కువ పరీక్ష పెట్టింది కేంద్రకం పరిమాణం. విద్యుదావేశం ఎంత వ్యాసార్ధం మేరకు వ్యాపించి ఉందో 900కు పైగా కేంద్రకాలకు తెలుసు. మామూలుగా కణాలు పెరిగేకొద్దీ వ్యాసార్ధం నెమ్మదిగా పెరగాలి. కాల్షియం ఈ నియమాన్ని ఉల్లంఘిస్తుంది. కాల్షియం-40 వ్యాసార్ధం 3.48 ఫెమ్టోమీటర్లు, అంటే మిల్లీమీటరులో లక్షకోట్లో వంతులు మూడున్నర. ఎనిమిది న్యూట్రాన్లు అదనంగా ఉన్న కాల్షియం-48ది కూడా దాదాపు అంతే. మధ్యలో కాల్షియం-44 దగ్గర మాత్రం వ్యాసార్ధం 3.52కు ఉబ్బి, మళ్లీ తగ్గుతుంది. 48 దాటాక అనూహ్యంగా పెరిగి, కాల్షియం-52 దగ్గర సుమారు 3.55కు చేరుతుందని 2016లో సెర్న్‌లో లేజర్లతో జరిపిన ప్రయోగం చూపింది. కణాల సంఖ్యలు మాత్రమే ఇచ్చిన నెట్‌వర్క్ ఈ గూని వంటి ఆకారాన్ని సాఫు చేసి చెరిపివేసే ధోరణి చూపుతుంది. జతలు కట్టే గుణాన్నీ, నిండిన కర్పరానికి ఎంత దూరంలో ఉన్నదీ ప్రత్యేకంగా అందించినప్పుడు ఫలితం మెరుగుపడుతుంది. భౌతికశాస్త్రవేత్త ముందే గ్రహించి అందించినదాన్నే యంత్రం బాగా వాడుకుంటుందనడానికి ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ కనిపించదు.

మరొక తరహా వినియోగంలో యంత్రం ప్రకృతిని కాక, సుదీర్ఘమైన లెక్కను అనుకరిస్తుంది. కణాల మధ్య బలం నుంచి మొదలుపెట్టి కేంద్రకాన్ని నిర్మించే లెక్క ఒక్కటి సూపర్ కంప్యూటర్‌పై చాలా సమయం తీసుకుంటుంది. కొద్ది లెక్కలు పూర్తిగా చేసి, వాటి ఆధారంగా మిగిలినవాటిని క్షణాల్లో అంచనా వేసే అనుకరణ నమూనాను తయారుచేస్తే, బలం రూపంలోని అనిశ్చితి అంతటినీ జల్లెడ పట్టవచ్చు. 2022లో నేచర్ ఫిజిక్స్ పత్రికలో వచ్చిన పరిశోధన 100 కోట్ల రకాల బల సూత్రాలను ఇలా పరిశీలించి, తెలిసిన కొలతలతో పొసగని వాటిని తొలగించగా 34 మిగిలాయి. వాటితో సీసం-208 ఉపరితలం మీద న్యూట్రాన్ల పొర మందం 0.14 నుంచి 0.20 ఫెమ్టోమీటర్ల మధ్య ఉంటుందని చెప్పింది. అమెరికాలోని జెఫర్సన్ ప్రయోగశాల ఎలక్ట్రాన్లతో కొలిచి అంతకు ముందు ఏడాది ప్రకటించిన విలువ 0.28, అందులో లోపం 0.07. రెండూ కొద్దిగా ఎడంగా ఉన్నాయి, ఆ ఎడం మీద చర్చ సాగుతోంది.

నేర్చుకున్న యంత్రం లోపల ఏముందన్న కుతూహలం కూడా ఫలితాలిస్తోంది. ప్రతి ప్రోటాన్ సంఖ్యకూ, ప్రతి న్యూట్రాన్ సంఖ్యకూ నెట్‌వర్క్ తనదైన ఒక సంకేతాన్ని కేటాయించుకుంటుంది. శిక్షణ పూర్తయ్యాక ఆ సంకేతాలను గీసి చూసిన మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థ పరిశోధకులకు, సంఖ్యలన్నీ మరమేకు చుట్లలాగా ఒక క్రమంలో అమరి కనిపించాయి. ద్రవబిందు సూత్రంలోని పదాలను, జతల ప్రభావాన్ని పోలిన ఆకృతులు కూడా అందులో ఉన్నాయని 2024లో వారు వివరించారు. ఎవరూ చెప్పకుండానే యంత్రం 1935 నాటి భౌతికశాస్త్రంలో కొంత భాగాన్ని తిరిగి కనుగొన్నదని దీని అర్థం. ఇంకా పేరు పెట్టని క్రమం ఏదైనా అదే విధంగా బయటపడుతుందా అన్నది ఈ దిశలోని పరిశోధనలన్నిటికీ ప్రేరణ.

పటం అంచు ప్రశ్న మళ్లీ కాల్షియం దగ్గరికే తీసుకువస్తుంది. జపాన్‌లోని రికెన్ సంస్థలో 2018లో కాల్షియం-60, అంటే 20 ప్రోటాన్లు, 40 న్యూట్రాన్లు ఉన్న కేంద్రకం, మొదటిసారి కనిపించింది. అక్కడి నుంచి అంచు ఎంత దూరమో అంచనా కట్టడానికి మిషిగన్ స్టేట్ విశ్వవిద్యాలయానికి చెందిన బృందం ఒక్క నమూనాను నమ్ముకోలేదు. అనేక నమూనాల శేషాలను విడివిడిగా యంత్రానికి నేర్పి, ఏ నమూనా తెలిసిన సాక్ష్యాన్ని ఎంత బాగా వివరించిందో ఆ మేరకు దానికి విలువనిచ్చి, అన్నిటినీ కలిపి 2019లో ఫలితం ప్రకటించింది. కాల్షియం-68 రెండు న్యూట్రాన్లను వదిలేయకుండా నిలవడానికి సుమారు 76 శాతం అవకాశం ఉందని, బేసి సంఖ్యలో న్యూట్రాన్లుండి జత లేని న్యూట్రాన్ ఒకటి మిగిలిపోయే కాల్షియం-61కి మాత్రం సుమారు 46 శాతమే ఉందని ఆ లెక్క చెప్పింది. దాదాపు సగానికి సగం. 2022లో అదే విశ్వవిద్యాలయంలో ప్రారంభమైన అరుదైన ఐసోటోపుల కేంద్రం వంటి చోట్ల, లెక్కలేనన్ని కేంద్రకాల ప్రవాహంలో కాల్షియం-60 పక్కన, ఒకే ఒక్క న్యూట్రాన్ అదనంగా ఉన్న కేంద్రకం శోధకానికి చిక్కుతుందా, లేక ఆ గడి ఖాళీగానే మిగులుతుందా అన్నదే ఆ 46 శాతానికి పెట్టే పరీక్ష.